అద్దాల గదికి వచ్చిన అల్లుడు

సారంగపాణి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలంటే ముందు చేతులు చూపించాలి. తలనూనె జిడ్డుందా, సిరా మరకుందా, కింద బండి మీద తిన్న మిర్చి బజ్జీ నూనె ఇంకా వేళ్ళకే ఉందా అని ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మరీ చూసేవాడు. ఏ కొంచెం అనుమానం వచ్చినా వరండాలో కుండ, దాని పక్కన సబ్బుబిళ్ళ. కడుక్కుని రావాల్సిందే. పెళ్ళిచూపుల్లో పిల్లను కూడా ఇంత పరీక్షగా చూడరని హన్మకొండ చౌరస్తాలో అనుకునేవారు. అనుకుంటే అనుకోనీ, ఆయనకేం. డెబ్బై ఒకటిలో బట్టల దుకాణం మీది మేడ అద్దెకు తీసుకుని పెట్టిన ఇన్‌స్టిట్యూట్ అది. అందులోని మిషన్లు ఆయన ప్రాణం.

వాటికి భార్య అనసూయ పాత చీరలతో కుట్టిన తొడుగులుండేవి. ఒకసారి వానాకాలంలో ఒక మిషన్‌ను రిపేరుకు రిక్షాలో తీసుకుపోతూ, ఉన్న ఒక్క గొడుగూ దానికి పట్టి తాను తడిసి ముద్దయ్యాడు. తర్వాత జ్వరంతో దవాఖానలో పడుకున్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎట్లున్నదని అడిగితే, మిషన్‌కు ఏం కాలేదని చెప్పాడట మహానుభావుడు. ఆ మాట విని అనసూయ కోపంతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయన గమనించలేదు.

తర్వాత ఇన్‌స్టిట్యూట్‌కు ఫోను వచ్చింది. వీధిలో అదే మొదటి ఫోను. దాని డయలుకు చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక ఎవరు ఫోన్ చేసుకుంటారో చూస్తానన్నాడు. అడిగినవాళ్ళెవరూ చేయలేకపోయిన మాట నిజమే. కాకపోతే వీధి వీధంతా తమ చుట్టాలకు ఆ నంబరు ఇచ్చేసింది. పొద్దంతా అవతలి నుంచి ఫోన్లే. వీధి చివర ఉండే ఎవరికో కాజీపేటలో మనవడు పుట్టినా సారంగపాణి మెట్లు దిగి పోయి పిలుచుకు రావాలి. తాళం మాత్రం చెక్కు చెదరలేదు. ఆయన దాన్ని చూసుకుని తృప్తిపడేవాడు.

ఇట్లాంటి మనిషి చేతికి ఎనభై తొమ్మిదిలో కంప్యూటర్ వచ్చింది.

టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోతున్నారు, రేపటి రోజులు కంప్యూటర్‌వే అని ఎవరు చెప్పారో గాని, అప్పో సప్పో చేసి ఒకటి తెచ్చాడు. దానికోసం మేడ మీద ఒక మూలను అద్దాలతో వేరు చేయించాడు. ఎర్ర చాప పరిచాడు. ఇంట్లో ఫ్యాను కిర్రుమంటుంటే బాగుచేయించని మనిషి, ఆ అద్దాల గదికి కూలర్ పెట్టించాడు. కంప్యూటర్ బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. కొత్తగా వైరస్ అనేది ఒకటి తిరుగుతున్నదని, జాగ్రత్తగా ఉండమని.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. సారంగపాణి అమాయకుడు కాడు. వైరస్ అంటే ఏమిటో మెకానిక్‌ను కూర్చోబెట్టి, చాయ్ మీద చాయ్ తాగించి, పూర్తిగా అడిగి తెలుసుకున్నాడు. అది గాలిలో రాదు, దుమ్ములో రాదు. తెలివి ఎక్కువై పని తక్కువైన వాడెవడో రాసిన ప్రోగ్రామ్ అది. ప్రోగ్రాములు దాచుకునే ఫ్లాపీ బిళ్ళ మీద కూర్చుని వస్తుంది, పెట్టిన మిషన్‌లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఆ మిషన్‌లో పెట్టిన ప్రతి ఫ్లాపీకీ అంటుకుంటుంది. మందు కూడా ఆయనే కనిపెట్టాడు. బయటి ఫ్లాపీ గదిలోకి రాకపోతే సరి. ఎంత సులువు. చెప్పుల దగ్గరే సంచులు కూడా పెట్టాలన్నాడు. గదిలోకి పోయేవాళ్ళ సంచి ఎవరిదైనా సరే వెతకాలన్నాడు. ఆ పనికి గది తాళంచెవి ఇచ్చి కమలను తలుపు దగ్గర పెట్టాడు.

కమలది ఖిలా వరంగల్. తండ్రి మార్కెట్లో హమాలీ. ఇన్‌స్టిట్యూట్‌లోనే టైపు నేర్చుకుని, హయ్యర్ పరీక్ష పాసై, అక్కడే పిల్లలకు నేర్పుతున్న అమ్మాయి. మాట తక్కువ. సారంగపాణి పెట్టిన నియమాలను సారంగపాణి కంటే గట్టిగా పట్టుకునేది ఆమె ఒక్కతే. ఒకసారి మేడ యజమాని రాజమల్లు సేటు కంప్యూటర్ ఎట్లుంటుందో చూద్దామని వస్తే, ఆయన చేతిసంచి కూడా బయట పెట్టించింది. సేటు ముఖం మాడ్చుకున్నాడు. సారంగపాణి మాత్రం నలుగురి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు, తన తర్వాత తన అంతటి మనిషి కమలేనని. ఆ మాట ఆమె ఇంటికి పోయి అమ్మకు చెప్పుకుంది కూడా.

ఆమెకు ఇంకో ఆశ కూడా ఉంది. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ శ్రావణంలో వచ్చి కంప్యూటర్ చూస్తానన్నాడు. నచ్చితే తన పిల్లలందరినీ ఇక్కడికే క్లాసుకు పంపిస్తాడు. అదే జరిగితే కమల కంప్యూటర్ మేడమ్ అవుతుంది. అందుకే ఆమె ఎండాకాలం నుంచి పాఠాలు తయారుచేసి ఒక్కొక్కటే ఫ్లాపీల మీదికి ఎక్కిస్తూ ఉంది. హమాలీ బిడ్డ, అద్దాల గది, కూలర్ గాలి. ఆ ఇంట్లో అంతకు మించిన మాట ఇంకోటి లేదు ఆ రోజుల్లో.

సరిగ్గా అప్పుడే ఆషాఢం వచ్చింది.

సారంగపాణి కూతురు రాజేశ్వరికి ఆ ఎండాకాలంలోనే పెళ్ళైంది. అల్లుడు గోపాల్‌ది సికింద్రాబాద్‌లో ఒక కంపెనీలో పని. ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదు, కొత్త అల్లుడు అత్తగారి గడప దాటకూడదు, అందరికీ తెలిసిందే. పిల్లను తల్లిగారింటికి తెచ్చుకున్నారు. పెళ్ళై ఇంకా పసుపు ఆరలేదు, నెల రోజులు ఎడబాటు. రాజేశ్వరి అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. అక్కడ గోపాల్ కూడా ఏమంత బాగా లేడని మొదటి ఆదివారమే తెలిసిపోయింది. కాజీపేటలో రైలు దిగి, ఇంటికి రాకూడదు గనక, నేరుగా ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కి వచ్చేశాడు. మామను చూద్దామని వచ్చానన్నాడు. మామను చూడ్డానికి ఎవరైనా కొత్త చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వస్తారా.

సారంగపాణికి ఏం తోచలేదు. అల్లుణ్ణి పొమ్మనలేడు. ఇంటికి రమ్మనలేడు. హోటల్లో తినిపిస్తే పరువు పోతుంది. అనసూయకు కబురు పెడితే, ఆమె పంతులుగారిని అడిగించింది. అత్త లేని గడప అత్తగారి గడప కాదని, ఇన్‌స్టిట్యూట్‌కు దోషం లేదని ఆయన తేల్చారు. ఇక చూడాలి. నాటుకోడి కూర, గారెలు, పరమాన్నం టిఫిన్ క్యారియర్‌లో పెట్టి రాజేశ్వరి చేతికే ఇచ్చి పంపింది తల్లి. తాను మాత్రం ఆ నెలంతా ఇన్‌స్టిట్యూట్ వైపు కూడా రాకూడదు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా అటు తొంగిచూడని ఆ తల్లికి, వద్దనేసరికి కంప్యూటర్ చూడాలని ఎక్కడలేని కోరిక పుట్టింది. వీల్లేదంటే వీల్లేదన్నాడు సారంగపాణి. ఆచారం ఆచారమే.

మొగుడూ పెళ్ళాలు కాసేపు మాట్లాడుకోవాలంటే ఆ మేడ మీద చోటు ఏది. టైపు హాలు నిండా పిల్లలు. మిగిలింది అద్దాల గది. కంప్యూటర్ నేర్పిస్తానని గోపాల్ పెళ్ళాన్ని లోపలికి పిలిచాడు. చంకలో సంచి అట్లాగే ఉంది. తలుపు దగ్గర కమల చెయ్యి చాపింది.

"సార్, సంచి ఈడ పెట్టుండ్రి. లోపట ఫ్లాపీలేమన్న ఉన్నయా?"

"ఒక ఆట ఉన్నది. కారు ఆట. రాజేశ్వరికి చూపిద్దామని తెచ్చిన," అన్నాడు గోపాల్ నవ్వుతూ. దాచిపెట్టే బుద్ధి ఉన్నవాడు కాదు పాపం.

"బయటి ఫ్లాపీ పెట్టద్దు సార్. రూలు."

గోపాల్ వెంటనే సంచి భుజం మీంచి దించబోయాడు. అది మనం గుర్తుపెట్టుకోవాలి, దించబోయాడు. ఈలోపే సారంగపాణికి ఒంటి మీద కారం చల్లినట్టయింది. పెళ్ళైన కొత్తలో, నలుగురు పిల్లలు చూస్తుండగా, అల్లుడి సంచి వెతకడమా. రేపు సికింద్రాబాద్‌లో వియ్యంకుడి ముందు తన ముఖం ఏం కావాలి. నాలుగు అంగల్లో వచ్చి పడ్డాడు.

"అల్లుని సంచి దేవులాడుతవా కమలా? రూలు బయటోళ్లకు. నువ్వు కిందికి పోయి చాయ్ చెప్పు పో."

కమల చాయ్ చెప్పడానికి మెట్లు దిగింది. ఆమె మొహం ఎర్రబడటం రాజేశ్వరి చూసింది గాని, ఆ పిల్ల ధ్యాస అప్పుడు వేరే ఉంది.

ఆ తర్వాత ఆషాఢం అయిపోయేదాకా ఆదివారం ఆదివారం అదే వరస. గోపాల్ రావడం, క్యారియర్ రావడం, కారు ఆట. సారంగపాణి అద్దాల వైపు వీపు పెట్టి కూర్చునేవాడు, మర్యాద కోసం. అల్లుణ్ణి కంప్యూటర్ ముందు చూస్తే ఆయన గుండె గర్వంతో ఉబ్బేది కూడా. సోమవారం పొద్దున్నే కమల వచ్చి అదే మిషన్‌లో తన పాఠాల ఫ్లాపీలు ఒక్కొక్కటిగా పెట్టి పని చేసుకునేది. ఒకసారి ఉండబట్టలేక, ఆ ఆట ఫ్లాపీ గురించి మెకానిక్‌కు ఒక్క ఫోన్ చేసి అడుగుదామా సార్ అంది. అల్లుడు ఏమన్నా దొంగా, అతని ఆఫీసులో ఇట్లాంటివి పది మిషన్లున్నాయి అని ఆయన ఇంతెత్తున లేచాడు. ఫోను తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంది. ఆమె ఇంక అడగలేదు.

శ్రావణం వచ్చింది. అల్లుడు ఈసారి దర్జాగా అత్తగారి గడప దాటి, కొత్త బట్టలు పెట్టించుకున్నాడు. మర్నాడే ప్రిన్సిపాల్ వచ్చే రోజు. మామ పక్కన నిలబడటానికి గోపాల్ కూడా రాజేశ్వరిని వెంటబెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. ప్రిన్సిపాల్ చెప్పులు విప్పి, సంచి బయట పెట్టి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. ఈ జాగ్రత్తంతా చూసి ఆయన ముచ్చటపడ్డాడు. కమల మొదటి పాఠం ఫ్లాపీ పెట్టింది. తెర మీద కాలేజీ పేరు పెద్ద అక్షరాలతో వచ్చింది. దాని కింద పాఠం.

అందరూ చూస్తుండగా అంతదాకా ఎన్నడూ కనబడని ఒక చిన్న చుక్క ఎక్కడి నుంచో బయటికి వచ్చింది. గోలీకాయలాగా తెర మీద ఆ చివర నుంచి ఈ చివరకు పోయింది, అక్షరాలకు తగిలి వెనక్కి వచ్చింది, మళ్ళీ పోయింది. ఇదేదో పాఠంలో భాగమనుకుని ప్రిన్సిపాల్ తల ఊపాడు. కమల మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ ఫ్లాపీ తీసి ఇంకోటి పెట్టింది. అందులోనూ గోలీ. మూడోది పెట్టేసరికి మిషన్ బిగుసుకుపోయింది, ఎన్ని మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"ఇది వైరస్ మామా," అన్నాడు గోపాల్, తెలిసినవాడి ధీమాతో. "మా ఆఫీసుల గూడ వచ్చింది నిన్న మొన్న. బయటి ఫ్లాపీతోనే వస్తది. ఎవరో పెట్టిన్రు."

పాపం, అతనికి నిజంగానే తెలియదు. తన కారు ఆట మీద అతనికి అనుమానమే లేదు. సారంగపాణికి మాత్రం ఆ క్షణమే తెలిసిపోయింది. ఆ గది గడప దాటిన బయటి ఫ్లాపీ లోకంలో ఒకటే ఉంది.

బయటి ఫ్లాపీలు రానివ్వరని విన్నానే, మరి ఇదెట్లా జరిగిందని ప్రిన్సిపాల్ అడిగాడు. గదిలో అందరూ సారంగపాణి వైపే చూశారు. అల్లుడు చూశాడు. కూతురు చూసింది. కమల మాత్రం చూడలేదు. ఆమె కీబోర్డు వైపు చూస్తూ నిలబడింది.

"తలుపు కాడ ఉండేది కమలనే," అన్నాడు సారంగపాణి.

అబద్ధం కాదు. తలుపు దగ్గర ఉండేది కమలే. ఇట్లాంటి నిజాలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధం ఆడేవాడికి కనీసం భయమన్నా ఉంటుంది.

కమల నోరు విప్పితే ఆ కొత్త అల్లుడి మొహం, ఆ పిల్ల మొహం ఏమయ్యేవో ఆమెకు తెలుసు. అద్దాల గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. చెప్పుల దగ్గరి నుంచి తన సంచి తీసుకుంది. మెట్లు దిగి వెళ్ళిపోయింది. జాగ్రత్తగల మనుషులు దొరకడం ఎంత కష్టమో అని ప్రిన్సిపాల్ సానుభూతి చూపించాడు. తన పిల్లల సంగతి తర్వాత చూద్దామన్నాడు. ఆయన అన్న ఆ 'తర్వాత' రానే లేదు, ఎందుకు వస్తుంది.

మెకానిక్ వచ్చి అన్ని ఫ్లాపీలూ తుడిచిపెట్టాడు. కమల ఎండాకాలపు కష్టమంతా దాంతోపాటే పోయింది. మిషన్ మళ్ళీ కొత్తదానిలా నిలబడింది. దాని ముందు కూర్చునేవాళ్ళే లేరు. సారంగపాణి తానే తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయనకు నిద్ర సరిగా పట్టేది కాదు. ఖిలా వరంగల్ వైపు పోయే బస్సు కనిపిస్తే తల తిప్పుకునేవాడు. చెప్పేయాలని అనుకునేవాడు. ఎవరికి చెప్పాలి. అల్లుడికి చెబితే అవమానం. వియ్యంకుడి చెవిన పడుతుంది. కూతురి కాపురం. ఇట్లా ఒక్క ఫ్లాపీ ముక్క చుట్టూ కూతురి బతుకంతా అల్లేసి కూర్చున్నాడు.

కమల ఎందుకు రావడం లేదని అనసూయ ఒకరోజు అడిగింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఆమె నాలుగు ప్రశ్నల్లో అంతా రాబట్టింది. కోపంతో చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి ఆయన గమనించాడు.

"అల్లుడు రావద్దన్న నెలల అల్లుని రానియ్యకుంటె అయిపోవు గద," అంది చివరకు. "నన్నేమో ఇంట్ల కూసోవెట్టి ఆచారం కాపాడితివి. ఎవల కొంప మునిగింది?"

సారంగపాణి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

దసరాకు గోపాల్ మళ్ళీ వచ్చాడు. వస్తూనే ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు, మంచి హుషారుగా. టైపు హాల్లో పిల్లలు పరీక్షలకు తయారవుతున్నారు. మామా, వైరస్‌కు మందు తెచ్చిన, మా ఆఫీసులో దోస్తు ఇచ్చిండు అంటూ సంచిలోంచి ఫ్లాపీ తీసి నేరుగా అద్దాల గది వైపు నడిచాడు. పక్కన రాజేశ్వరి. తలుపు దగ్గర కుర్చీలో సారంగపాణి.

ఏం జరిగిందో ఆయనకే తెలియదు. కమల గుర్తొచ్చిందనీ, న్యాయం గుర్తొచ్చిందనీ చెబితే బాగుండేది గాని, నిజం చెప్పాలి. ఆయనకు గుర్తొచ్చింది మిషన్. మళ్ళీ పాడవుతుందేమోనన్న భయంతో లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఎట్లా లేచిందో గాని నోరు కూడా లేచింది.

"వద్దు అల్లుడుగారూ. మొన్న వచ్చింది మీ కారు ఆట ఫ్లాపీతోనే. కమల వద్దన్నది. నేనే రానిచ్చిన."

టైపు మిషన్ల చప్పుడు ఆగిపోయింది. సారంగపాణి కళ్ళు మూసుకున్నాడు. అల్లుడు అలిగి రైలెక్కడం, వియ్యంకుడు మనిషిని పంపడం, రాజేశ్వరి ఏడుస్తూ ఇంట్లో కూర్చోవడం, అన్నీ ఆ కాసేపట్లో ఆయన కళ్ళ ముందు జరిగిపోయాయి.

గోపాల్ ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆఫీసులో అందరి ఫ్లాపీలూ అట్లాగే అయ్యాయట. తన పెద్దసారు ఫ్లాపీ కూడా అంతేనట. అందులో అలగడానికి ఏముందో అతనికి అర్థం కాలేదు. తెచ్చిన ఫ్లాపీని మళ్ళీ సంచిలో వేసుకుని, సంచిని తానే తీసుకుపోయి చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు.

"గీ ముచ్చట ఆ రోజే చెప్తే అయిపోవు గద మామా. ఆ అమ్మాయి ఏది మరి?"

సారంగపాణికి తల కొట్టేసినట్టయింది. అల్లుడు తిట్టినా బాగుండేది. ఏ మర్యాద పోతుందని తాను ఒక ఆడపిల్ల పేరు చెడగొట్టాడో, ఆ మర్యాద అసలు ఎవరికీ అక్కరలేదు. ఆ సాయంత్రమే ఖిలా వరంగల్ బస్సెక్కాడు.

కమల ఇంటి ముందు అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆయన్ను చూసి లేచి కుర్చీ వేసింది, నీళ్ళు తెచ్చి ఇచ్చింది. సారంగపాణి గ్లాసు చేతిలో పట్టుకునే అంతా చెప్పాడు. హాలు నిండా పిల్లలున్నారని, అందరి ముందూ అల్లుడితోనే చెప్పానని, రేపు కాలేజీకి పోయి ప్రిన్సిపాల్‌కు కూడా చెప్తానని, ఆ తాళంచెవి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాలని. కమల తాను వరంగల్ చౌరస్తాలో ఇంకో ఇన్‌స్టిట్యూట్‌లో చేరానని, అక్కడ కంప్యూటర్ లేదని, టైపు ఒక్కటేనని చెప్పింది. కోపంగా చెప్పలేదు. బియ్యంలో రాయి ఒకటి తీసి పక్కన పడేసింది.

"అల్లుడుగారు ఏమన్నరు సార్?" అని అడిగింది.

"ఏమంటడు బిడ్డా. నవ్విండు."

కమల చాట ఎత్తి బియ్యం ఒకసారి చెరిగింది.

"నవ్వుతడని తెలిస్తే ఆ రోజే చెప్పెటోళ్లు గద సార్," అంది.

సారంగపాణి గ్లాసులో నీళ్ళు తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, బస్సు కోసం లేచాడు.